గవాచి కింద గోడ

పొద్దున లేవగానే మిద్దె ఎక్కి గవాచి మీది బండ జరపడం, ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ నా పని. మాది మట్టి మిద్దె. నడిమింటికి కిటికీ లేదు. కప్పులో మూరెడు వెడల్పున ఒక బొక్క, దాని మీద ఒక షాబాదు బండ. దాన్నే మేము గవాచి అంటాము. బండ జరిపితే లోపలి వేడి పైకి పోతుంది, వెలుతురు కిందికి దిగుతుంది. ఎండ ముదిరేలోగా మళ్లీ మూయాలి, పొద్దు వాలినాక మళ్లీ తెరవాలి. రాయచూరులో ఫ్యాన్లు రాకముందు బతికినవాళ్లంతా అలాగే బతికారు.

దిగిన వెలుతురు నలుచదరంగా వచ్చి మా దేవిక మొహం మీద పడేది. తెలిసే అక్కడ చాప వేసుకునేది. తెలిసే నన్ను తిట్టేది.

"అమ్మా, మూయవే! పొద్దంతా నా నెత్తి మీదనే పోస్తవా?"

నేను పైనుంచి వంగి, "లేస్తవా, చెంబెడు నీళ్లు గూడ పొయ్యాల్నా?" అనేదాన్ని. చిన్నప్పుడూ అంతే, పెద్ద చదువు చదివి వచ్చినాకా అంతే.

కిందటి వానాకాలం నుంచి ఆ కేక లేదు. బండ ఇప్పుడూ జరుపుతాను. వంగి మాత్రం చూడను.

దేవిక గురించి ఇప్పుడు ఊళ్లో అందరూ గొప్పగా చెప్తున్నారు. వర్తకుల సంఘం వాళ్లు మైకు పెట్టి మరీ చెప్తున్నారు. వాళ్లు చెప్పే దేవిక ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసిన దేవికను నేను చెప్తాను.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో, గవాచి సందులోంచి సన్నగా దిగిన ఎండ చుట్టూ బలపంతో గీత గీసేది. కాసేపటికి ఎండ జరిగేది. ఇంకో గీత గీసేది. సాయంత్రానికి నా నడిమిల్లంతా గీతలే.

"బండలు కడగనికి నీ అత్త వస్తదా?" అని చీపురు ఎత్తితే, "ఎండ యాడికి పోతుందో చూస్తున్న, జర ఆగవే" అనేది.

ఆ గీతలు గీసిన పిల్లే కలబురగికి పోయి భవనాలకు నక్షాలు గీసే చదువు చదివింది. బెంగళూరులో కొలువు దొరికింది. మేము సంబరపడ్డాము. కొన్నేళ్లకే పెట్టె పట్టుకొని తిరిగి వచ్చింది. కొలువు ఊడి వచ్చిందని వీధిలో గుసగుసలు. నేనూ అడిగాను.

"ఊడలేదమ్మా, నేనే ఇడిచిపెట్టిన. ఆడ నాతోని గాజు డబ్బాలు గీపిస్తరు. అద్దాలల్లకెల్లి ఎండ కొడుతుందని లోపలోళ్లు మళ్ల పరదాలు కట్టుకుంటరు. చీకటైందని పట్టపగలు లైట్లు వేసుకుంటరు. వేడని ఏసీలు పెడతరు. మన గవాచి చూసిన కండ్లతోని అది చూడలేకపోయిన."

"గవాచి సూసి జీతమిచ్చేటోడు రాయచూర్ల ఎవడున్నడే?" అన్నాను.

"నాయన బజారు ఉన్నది గద," అంది.

నాయన బజారంటే నడిబజారు. మా ఆయన లోకనాథ్‌కు అక్కడ కాగితాల దుకాణం. బాండు పేపర్లు, ఫైళ్లు, రబ్బరు ముద్రలు అమ్ముతాడు. మా పెళ్లి నాటికి ఆ బజారులో మనిషి మనిషికి తగలకుండా నడిచేవాళ్లు కాదు. తర్వాత బ్యాంకు బైపాసు దిక్కుకు పోయింది. దాని వెనకే ఇన్సూరెన్సు వాళ్లు పోయారు. వాళ్ల వెనక వకీళ్లు, డాక్టర్లు. ఆఫీసులు పోయినాక చాయ్ హోటలు మూతపడింది. చాయ్ తాగేవాళ్లు లేనప్పుడు పూలు కొనేవాళ్లు ఎక్కడినుంచి వస్తారు? పొద్దు గుంకితే కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. మా ఆయన దుకాణంలో కూర్చొని, అమ్ముడుపోని ఫైళ్ల మీద దుమ్ము దులిపి ఇంటికి వచ్చేవాడు.

బజారు నడిమధ్య వర్తకుల సంఘానికి పాత పత్తి గోదాము ఒకటి ఉంది. మూరెడు మందం రాతి గోడలు, ముందర పొడుగాటి వరండా. పత్తి బేరం పోయినాక దానికి తాళమే. దాన్ని పడగొట్టి అద్దాల కాంప్లెక్సు కడదామని సంఘం వాళ్లు అనుకుంటుంటే, దేవిక పోయి, పడగొట్టొద్దు, ఆఫీసులకు పనికి వచ్చేటట్టు నేను మార్చి ఇస్తాను, పోయినవాళ్లు మళ్లీ నడిబజారుకు వస్తారు అంది.

సంఘానికి పెద్ద, బట్టల సావుకారు వాదిరాజ్. కన్నడం మనిషి, కానీ మాతో తెలుగే మాట్లాడతాడు. దేవిక చంటిపిల్లగా ఉన్నప్పుడు దుకాణానికి తీసుకుపోతే బెల్లం ముక్క చేతిలో పెట్టినవాడు. నన్ను అక్కా అంటాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, జరిగింది ఎవరో పరాయివాడు చేసింది కాదు.

ఆ మాట వినడానికి ఒకరోజు సంఘం వాళ్లు గోదాములోనే కూర్చున్నారు. దేవిక చేతిలో అట్టపెట్టె ఉంది. నేను మజ్జిగ బిందె పట్టుకొని వెంట పోయాను.

"సావుకారూ, ఇది మీ దుకాణం చీరెల పెట్టెనే," అంది దేవిక. అందరూ నవ్వారు.

"చీరె యాడ పెట్టినవమ్మా మరి?" అన్నాడు వాదిరాజ్.

"చీరె అమ్మ కట్టుకున్నది. పెట్టె నేను తెచ్చిన. ఇది మన గోదాము అనుకోండ్రి. ముందర తెరిచి ఉన్నది వరండా. నడుమల మీదికి గీ బొక్క గవాచి."

అగరుబత్తి వెలిగించి పెట్టె ముందర పెట్టింది. పొగ లోపలికి పోయింది, తిన్నగా పోయి నడుమ పైకి లేచి బొక్కలోంచి దారంలా బయటికి వచ్చింది. ముసలి వ్యాపారులు కూడా పిల్లల్లాగ వంగి చూశారు.

"గాలి గిట్ల వస్తది, గిట్ల పోతది. రాతి గోడలు ఎండను లోపలికి రానియ్యవు. ఫ్యాన్లు ఉంటే చాలు, ఏసీ అక్కర్లేదు. కరెంటు బిల్లు చూస్తే మీరే నవ్వుకుంటరు." తర్వాత చిన్న అట్టముక్క తీసి పెట్టె నడుమ, బొక్క కింద, అడ్డంగా నిలబెట్టింది. పొగ దానికి కొట్టుకొని సుడి తిరిగి తన మొహం మీదికే వచ్చింది. దగ్గుతూనే చెప్పింది: "నడుమల గోడ లేపితే గిట్ల అయితది. ఏమన్న చేయండ్రి గాని గది ఒక్కటి చేయొద్దు."

"హౌదల్లా!" అన్నాడు వాదిరాజ్. నిజమే కదా అని. "సరే గాని, గోడల్లేకుండ ఆఫీసులెట్లమ్మా? ఒకని ముచ్చట ఒకడు ఇంటడు."

"మీ తాత దుకాణానికి తలుపులు ఎట్లుండె సావుకారూ?"

ఆయన మొహంలో వెలుగు వచ్చింది. మా బజారు పాత దుకాణాలకు పలకల తలుపులు ఉండేవి. గడపలో ఒక గాడి, పైన ఒక గాడి. మనిషంత పొడుగు చెక్క పలకలు ఒక్కొక్కటే గాడిలో దించి దుకాణం మూసేవాళ్లు. పొద్దున ఒక్కొక్కటే లేపి గోడకు ఆనించేవాళ్లు. ఏది ఎక్కడ కూర్చుంటుందో తప్పకుండా పలక మీద అంకె వేసేవాళ్లు. ఇనుప షట్టర్లు వచ్చినాక పలకలన్నీ అటకలెక్కాయి.

"అవ్వే అడ్డం పెడదాం," అంది దేవిక. "నేలకు గాడ్లు కొట్టిస్త. ఇయ్యాల పది గజాల ఆఫీసు కావాల్నా, పలకలు దించు. రేపు ఇరవై కావాల్నా, లేపు. పొద్దున వకీలు కూర్చుంటే సాయంత్రం కుట్టు క్లాసు. పలకల మీద, కప్పు కింద జాగ వదుల్త, గాలి పోతనే ఉంటది. ఎవడు వచ్చినా ఎవడు పోయినా భవనం పగలగొట్టేది ఉండదు."

"నా పలకలు వెనకింట్ల ఉన్నయి. తీసుకపోమ్మా. పొయ్యిల పెడదామంటే మా ఆమెకు మనసొస్తలేదు."

అలా దుకాణం దుకాణం తిరిగి అటకల మీద నుంచి పలకలు దించింది నా బిడ్డ. కొన్నింటి మీద ఉర్దూ అంకెలు, కొన్నింటి మీద కన్నడ అంకెలు, ఒకరిద్దరివి తెలుగువి. వడ్రంగి చిత్రిక పట్టి గీకేస్తానంటే ఒప్పుకోలేదు. నూనె పెట్టి తుడిపించింది. ఎవరి తాత రాసిన అంకె వాళ్లు వచ్చి చూసుకొని పోయేవాళ్లు.

కట్టడం అయినాక ఒక ఎండాకాలం గడిచింది. నేను చూసిందే చెప్తాను. బయట మొహం కాలిపోయే ఎండలో నడిచి వచ్చి లోపల అడుగు పెడితే, కుండ పక్కన నిలబడ్డట్టు ఉండేది. పన్నుల లెక్కలు రాసే ఒకాయన వచ్చాడు. కుట్టు నేర్పే క్లాసు వచ్చింది. కంప్యూటర్ల పని చేసే ఆడపిల్లలు కొందరు బైపాసు గదులు ఖాళీ చేసి వచ్చారు. ఏదో సర్వే పనికి వాళ్లు ఎక్కువమంది కావలసి వస్తే, చాయ్ తాగి వచ్చేలోగా పలకలు జరుపుకొని జాగ పెంచుకున్నారు. చాయ్ తాగి వచ్చేలోగా అన్నాను కదా, చాయ్ హోటలు మళ్లీ తెరిచారు మరి. మా ఆయన ఫైళ్ల మీద దుమ్ము దులపడం మానేశాడు, దులపడానికి అవి నిలవ ఉంటే కదా.

వరండా ఎవరి కిరాయిదీ కాదు, బజారుది అని దేవిక ముందే చెప్పి రాయించింది. అక్కడ పూలమ్మే హనుమవ్వ కూర్చునేది. ఎన్నో ఏళ్లు రోడ్డు మీద గొడుగు కింద కూర్చున్న మనిషి.

"నాగ్గూడ ఆఫీసు ఇచ్చినవ్ గద పిల్లా," అనేది దేవికతో. "బోర్డు ఎప్పుడు పెడ్తవ్?"

దేవిక సుద్దముక్క తీసుకొని ఆమె ఆనుకునే రాతి స్తంభం మీద రాసింది: హనుమవ్వ అండ్ కంపెనీ. హనుమవ్వకు చదువు రాదు. దారిన పోయే అందరితోనూ చదివించుకునేది.

సాయంత్రం పొద్దు వాలితే, గోదాము కప్పుకు పెట్టించిన గవాచి తలుపును తాడు లాగి తెరవాలి. అది దేవికే చేసేది. ఇంట్లో నేను బండ జరిపే వేళకు అక్కడ తను తాడు లాగేది.

వానలు పడ్డాయి. జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. వారం తిరగలేదు. దాని గురించి నేను ఇంతకంటే చెప్పలేను.

చలికాలంలో సంఘం వాళ్లు కబురు పంపారు. దేవిక ఫోటో పెడుతున్నాము, తల్లిదండ్రులు రావాలి అని. దేవిక పోయినాక నేను ఆ గడప తొక్కలేదు. ఆ రోజు పోయాను. వరండాకు ఇనుప గ్రిల్లు. గ్రిల్లు బయట ఎండలో, గోనెపట్టా మీద హనుమవ్వ. నన్ను చూసి లేచింది.

"సూసినవా గౌరమ్మా, మీ బిడ్డ ఉన్నప్పుడు నాకు నీడ ఉండె. ఇప్పుడు నాకు గ్రిల్లు ఉన్నది. లోపలికి పో, ఇంకా ఉన్నది సూసేది."

లోపలికి పోయాను. నడుమ గోడ. ఇటుకల గోడ, నేల నుంచి కప్పు దాకా, సరిగ్గా గవాచి కింద. సున్నం ఇంకా తెల్లగా ఉంది. పైకి చూశాను. గవాచికి ప్లైవుడ్ చెక్క కొట్టి ఉంది. తాడు లేదు. ఆ గోడకు నడిమధ్య మేకు కొట్టి నా బిడ్డ ఫోటో తగిలించారు. దానికి దండ. దాని కింద అగరుబత్తులు.

ఏదైతే ఒక్కటి చేయొద్దని దగ్గుతూ చెప్పిందో అది చేసి, దాని మీదనే ఆమెను తగిలించారు. ఇంత ఊరిలో రాతి గోడలు ఎన్ని లేవు! ఒక్కరికైనా తోచలేదా? తోచలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

అందరూ పోయినాక వాదిరాజ్‌ను అడిగాను.

"సావుకారూ, ఈ గోడ ఏంది?"

"ఫైనాన్సు కంపెనీవాళ్లు వచ్చిన్రు అక్కా. సగం జాగ వాళ్లే తీసుకున్నరు. పక్కా గోడ ఉంటేనే వస్తమన్నరు. సేఫ్టీ అంట. ఏసీ చల్లదనం పోతదని మీదికి చెక్క కొట్టిన్రు. టెంపరరీ అక్కా, పరేషాన్ గాకు."

"ఇటుకలతోని టెంపరరీనా? పలకలు ఏవి?"

ఆయన చెప్పులు వెతుక్కున్నాడు. నేనే వెనక దొడ్లోకి పోయి చూశాను. గోడ కట్టేటప్పుడు మేస్త్రీలు నిలబడడానికి సారువ మీద వేసుకున్నారు వాటిని. సిమెంటు పడి గడ్డకట్టిన పలకలు వానకు తడిసి వంకర తిరిగి కుప్ప పడి ఉన్నాయి. ఒకదాని మీద సిమెంటు పెచ్చు గోటితో లేపాను. కింద కన్నడంలో నాలుగు అంకె. అది వాదిరాజ్ తాతదేనని, ఆయన వచ్చి చూసుకొని పోయినప్పటి నుంచే నాకు తెలుసు. నేను మొక్కజొన్న పొట్టు తీసినట్టు ఒక్కొక్కటే గీకుతూ కూర్చుంటే మా ఆయన వచ్చి చేయి పట్టి లేపాడు.

ఫోటో మాత్రం నా బిడ్డదే కదా. ప్రతి శుక్రవారం దండ అల్లుకొని పోయేదాన్ని. అక్కడ ఒక పని నాకు కొత్తగా వచ్చింది. సంఘం వాళ్లు రోజూ అగరుబత్తులు వెలిగిస్తారు. పొగకు పోయే దారి లేదు. గోడకు కొట్టుకొని అక్కడే తిరుగుతుంది. వారానికల్లా ఫోటో అద్దం నల్లగా మసి పట్టేది. పమిట కొంగు తడిపి తుడిచేదాన్ని. ముందు నుదురు కనిపించేది, తర్వాత కళ్లు. నేను తుడుస్తుంటే ఫైనాన్సు ఆఫీసు తలుపు తెరుచుకొని ఏసీ గాలి ఒకసారి చల్లగా తగిలి మూసుకునేది. గోడకు ఇవతలి సగం ఉడికిపోతుండేది. వేసవి మొదలు కాకముందే కుట్టు క్లాసు వాళ్లు వెళ్లిపోయారు. కంప్యూటరు పిల్లలు మళ్లీ బైపాసుకు పోయారు. పన్నులాయన ఒక్కడే చొక్కా విప్పి బనియన్‌తో కూర్చొని లెక్కలు రాస్తున్నాడు.

"దేవిక ప్లాను బాగలేదమ్మా, ఉక్కపోత," అన్నాడు నాతో ఒకరోజు. నా చెవులతో విన్నాను. గోడ వాళ్లది, ఉక్కపోత దేవికది!

ఈ ఎండల్లోనే, మొన్న, వాదిరాజ్ మా ఇంటికి వచ్చాడు. చల్లగా ఉందని నడిమింట్లో గవాచి కింద కూర్చున్నాడు. నీళ్లు తాగి చెప్పాడు. దేవిక బతికి ఉన్నప్పుడు గోదాము ఫోటోలు, నక్షాలు బెంగళూరుకు పంపిందట. కరెంటు తక్కువ తినే ఆఫీసు భవనాలకు, పాత బజార్లకు మళ్లీ జనాన్ని తెచ్చేవాటికి అక్కడివాళ్లెవరో బహుమతి ఇస్తారట. ఎల్లుండి పొద్దున చూడడానికి వస్తున్నారు.

"ఇంత సంతోషం ఇంకొకటి లేదక్కా," అన్నాడు. "గ్రిల్లు ఒక పూట తీపిస్త. హనుమవ్వను కూర్చోబెడత. గవాచి చెక్క ఊడపీకిస్త."

"గోడ?"

"గదే నీ దగ్గరికి వచ్చింది. నీ చేతి అల్లిక ఊరందరికి ఎరుక. గోడకు కింది నుంచి మీది దాక పూల పరదా కట్టాలె. నడుమల దేవిక ఫోటో. తల్లి చేతి పూలని మైకుల చెప్త. వాళ్ల కండ్లల్ల నీళ్లు రావాలె."

"కండ్లల్ల నీళ్లుంటే గోడ కనపడదు. అంతేనా సావుకారూ?"

ఆయన నవ్వబోయి ఆగాడు. "గట్లంటవేందక్కా. నేను దేవికను ఎత్తుకున్నోణ్ని."

"ఎత్తుకున్నవు గనకనే అడుగుతున్న. గోడ తీసెయ్. ఎల్లుండి లోపల తీస్తే పది పరదాలు అల్లిస్త, బజారంత తోరణాలు కట్టిస్త."

"ఫైనాన్సోళ్లు పోతరక్కా. కిరాయి వాళ్లదే వస్తున్నది ఇప్పుడు."

"వాళ్ల కోసమని మిగిలినోళ్లను అందరినీ ఎల్లగొట్టి, ఇప్పుడు వాళ్లదే వస్తుందంటవా? పొగ సూసినవా లేదా నువ్వు? మీ దుకాణం పెట్టెలనే సూపించింది గద! వంగి సూసినవు, హౌదల్లా అన్నవు. తెల్వక చేసినోడివైతే నేను నోరు మూసుకుందును."

ఇంత గట్టిగా నేను మాట్లాడడం ఆయన ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు. కాసేపు పైన గవాచి వైపు చూశాడు.

"అక్కా, బహుమతి వస్తే దేవిక పేరు నిలుస్తది. గది ఆలోచించు. పూలు పంపిస్త," అని లేచాడు.

ఆయన పోయినాక మా ఆయన దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అల్లు," అన్నాడు మెల్లగా. "గోడ సంగతి మనకెందుకు? పెద్దపెద్దోళ్ల ముందర మన పిల్ల పేరు చెప్తరు. మైకుల చెప్తరు. నాకు వినాలని ఉన్నది గౌరా."

"నాకు లేదా?" అన్నాను.

నిన్న మధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది. ముందు హనుమవ్వ దిగింది, తర్వాత బుట్టలు దిగాయి. బంతి, చేమంతి, కనకాంబరాలు, మల్లెమొగ్గలు. దేవిక చాప వేసుకునే చోట దించితే అక్కడ కాలు పెట్టే సందు లేకుండా నిండిపోయింది.

"బజార్ల ఒక్క పువ్వు మిగల్లేదు," అంది హనుమవ్వ చెంగుతో మొహం తుడుచుకుంటూ. "అందరి దగ్గర కొనేసిండు. నా దగ్గర గూడ కొన్నడు, బేరం గూడ ఆడలే. రేపు పొద్దున పెండ్లివాళ్లు వస్తే నేనే నెత్తిన కొంగు కప్పుకొని పరారైత. రేపొక్క పూట వరండల కూర్చోమన్నడు నన్ను. ఒక్క పూట! నేనేమన్న సినిమల యాక్టరునా? తే దారం కండె, ఇద్దరం అల్లుదాం. తొందరగ అయితది."

ఇద్దరం కూర్చున్నాము. పూలు నా చేతిలోకి వస్తే వేళ్లు వాటంతట అవే పోతాయి. మూరెడు అల్లాను. రెండు మూరలు అల్లాను. హనుమవ్వ ఆ బంతిపూల బుట్ట చూసి, "ఆ గోడకు ఇవన్ని కప్పితే గుడి లెక్క కనపడతది పో," అంది.

నా వేళ్లు ఆగిపోయాయి.

గుడిలాగే కనపడుతుంది. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి నిలబడతారు. ఫోటోలు తీసుకుంటారు. ఆ ఫోటోల్లో దేవిక, దేవిక వెనక పూలు, పూల వెనక గోడ. బహుమతి ఇస్తారు. ఇచ్చినాక ఆ గోడను ఇంక ఎవరు ముట్టుకుంటారు? అది దేవిక గోడ అయిపోతుంది. ఇంకో ఊరి నడిబజారులో ఇంకొక సంఘం వాళ్లు ఆ ఫోటోలు చూసి, రాయచూరులో చేసినట్టే అని చెప్పి గోడ లేపుతారు. లోపల ఉక్కపోస్తే నా బిడ్డనే తిట్టుకుంటారు. చచ్చినాక కూడా తిట్లు తినిపించడానికి నా చేతులతో నేను పూలు అల్లాలా? దేవిక మంచం మీద ఉన్నప్పుడు కూడా, "అమ్మా, తాడు ఎవరన్న లాగుతున్నరా?" అని అడిగింది. ఫోటో అడగలేదు. దండ అడగలేదు.

అల్లిన రెండు మూరలు ముడి విప్పి దారం లాగేశాను. పూలు ఒళ్లో రాలాయి.

హనుమవ్వ నా మొహం చూసింది. తన చేతిలోది కూడా బుట్టలో వేసింది. "నాగ్గూడ నడుం నొప్పి ఉన్నది," అని లేచి, గడప దగ్గర ఆగి, "మంచిగ చేసినవ్. నేను రేపు ఎండలనే కూర్చుంట. గ్రిల్లు బయట. సూడనీ వాళ్లను," అని వెళ్లిపోయింది.

సాయంత్రం మా ఆయన దుకాణం మూసి వచ్చాడు. బుట్టలు చూశాడు, కదపని దారం కండె చూశాడు.

"రేపు పొద్దునకు అయితదా?"

"కాదు."

"వేరే వాళ్లతోనన్న..."

"బజార్ల పువ్వు లేదు. అన్ని ఈడనే ఉన్నయి."

ఆయన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. దుకాణం తాళాలు చాలాసేపు చేతిలో తిప్పాడు.

"మరి వాళ్లు వచ్చి గోడ సూస్తరు."

"సూడనీ. అడగనీ, ఈ గోడ ఎవరు గీసిన్రని. సావుకారు చెప్పనీ మైకుల."

"బహుమతి రాదు గౌరా."

"రాదు."

"ఫోటో అద్దమన్న తుడిచి వస్తవా? మసి పట్టి ఉంటది."

"ఎందుకు పట్టిందో గూడ సూడనీ."

అన్నం పెడితే తిన్నాడు. చేయి కడుక్కొని వచ్చి ఒక చేమంతి తీసి చూసి, తిరిగి బుట్టలోనే పెట్టాడు. ఎప్పుడు పూలు ఇంటికి వచ్చినా తడిగుడ్డ కప్పేది నేనే. నిన్న కప్పలేదు.

ఈ పొద్దున మిద్దె ఎక్కి బండ జరిపాను. చాలా రోజులకు వంగి చూశాను. వెలుతురు నలుచదరంగా దిగి దేవిక పడుకునే చోట బుట్టల మీద పడింది. అప్పటికే మల్లెమొగ్గలు విచ్చుకొని రంగు మారుతున్నాయి. కింద ఫోను మోగుతోంది. మా ఆయన ఎత్తలేదు. ఆగి మళ్లీ మోగింది. వాళ్లు పది గంటలకు వస్తారని చెప్పాడు వాదిరాజ్.

దిగి వచ్చి పొయ్యి వెలిగించి చాయ్ పెట్టాను. పూల మీద నీళ్లు చల్లలేదు. దారం కండె ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది.